జర ఆగు

తెల్లవారుజామున కంటైనర్ లారీ బోల్తా పడిందన్నారు. నయం, ఎవరి ప్రాణానికీ ఏం కాలేదు. క్రేన్ వచ్చి లారీని ఈడ్చుకుపోయింది కూడా. అయినా రింగురోడ్డు మీద బారికేడ్లు కదల్లేదు. ఖాజాగూడ నుంచి కూతురిని తీసుకుని బయల్దేరిన డ్రైవర్ రాజేందర్ క్యాబు వాటి వెనక ఇరుక్కుపోయింది. ముందుకు పోనివ్వరు, వెనక్కి తిప్పుకుందామంటే సందు లేదు.

కూతురు భానుశ్రీకి ఆ రోజు నర్సింగు ప్రవేశ పరీక్ష. ఏడాదంతా దానికే చదివింది. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని హాల్‌టికెట్ మీద ఉంది. పిల్ల ఫోనులో టైం చూస్తుంది, తండ్రి మొహం చూస్తుంది. ఆ చూపు చూడలేక రాజేందర్ ఇంజను ఆపాడు. దిగి కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, బిడ్డకు పరీక్షుంది. లారీ తీసేసిన్రు కద, ఇగ విడవరాదుండ్రి?"

"జర ఆగు."

ఆగాడు. జర అంటే కాస్త అని హైదరాబాదులో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఈ పోలీసు జర మాత్రం గంట దాటింది. రాజేందర్ మళ్లీ వెళ్లాడు.

"ఇంకేమున్నది సార్ అక్కడ? రోడ్డు మీద కుక్క గూడ లేదు."

"నన్నడిగితే ఏం లాభం? ఇవి పెట్టిన సారు డ్యూటీ దిగిపోయిండు. తియ్యమని నాకు చెప్పలే. ఫోన్ కలుస్తలేదు. జర ఆగు."

పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతున్నాడట, ఉన్నవాడికి ఎవరూ చెప్పలేదట! అందుకని ఇంతమంది ఎండలో మాడాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ లారీ దారిచ్చింది గాని లాఠీ ఇవ్వలేదు.

రాజేందర్ ఇక అడగలేదు. రెండు చేతులా బారికేడ్ పట్టుకుని పక్కకు ఈడ్చేశాడు. వెనక కార్లలోంచి మెడలో ఐడీ కార్డులతో నలుగురు దిగి ఇంకోటి లాగారు. కానిస్టేబుల్ "ఏయ్" అన్నాడే గాని అడ్డం రాలేదు.

అవతల రోడ్డంతా ఖాళీ. ఇంతసేపూ దీనికోసమా ఆపింది! రాజేందర్ దారిపొడుగునా తిట్టుకుంటూనే నడిపాడు.

కూకట్‌పల్లిలో పరీక్షా కేంద్రం ముందు బండి ఆగీ ఆగకముందే భానుశ్రీ దూకి పరుగెత్తింది. చెయ్యి గేటుకు తగిలేలోగా లోపల గొళ్లెం పడింది.

"టైం అయిపోయింది. నిమిషం లేటు," అన్నాడు గేటు దగ్గరి పోలీసు.

"మీవాళ్లే రోడ్డు బంద్ పెట్టిన్రు సార్. జర తియ్యుండ్రి, దండం పెడ్త," అన్నాడు వెనకే పరుగెత్తుకొచ్చిన రాజేందర్.

"జర గిర నడువదు. రూల్ రూలే."

రాజేందర్ గేటును గట్టిగా గుద్దాడు. "మీ జర గంటలకు గంటలు మేం మోసినం. మా జర ఒక్క నిమిషం మీరు మొయ్యలేరా?"

పోలీసు అటు తిరిగి నిలబడ్డాడు. భానుశ్రీ గేటు కమ్మీలు వదల్లేదు.

"జర ఆగుదాం నాయినా, తీస్తరేమో," అంది.

లోపల పరీక్ష గంట మోగింది.