దోనెలు మోసిన గట్టు

నది బండల మీంచి దూకే చోట దోనె నడవదు. సరుకు దింపి, దోనెను బోర్లించి భుజాలకెత్తుకుని, గట్టు వెంట అరకోసు మోసి మళ్లీ నీళ్లలో దింపాలి. ఉప్పు వర్తకుల్నీ, కొత్త నేలలు వెతుకుతూ వచ్చిన పటాలు గీసేవాళ్లనీ సరంగు తాత వంశమే అక్కడ దాటించింది. అయితే వాళ్లు మహా గట్టివాళ్లు. మనుషుల్ని ఎడమ గట్టున నడవమని పంపేసి, దోనెల్ని తాము కుడి గట్టున మోసేవారు. ఆ సులువు దారి తమ వంశం కాని పైవాళ్లకు తెలిస్తే తమ నోట్లో మట్టే. పెదవి దాటితే పృథివి దాటుతుందని, కొడుకులకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేదు. మోస్తున్న దోనె మీద పడి చచ్చిపోయిన ముత్తాతను ఆ దారి పక్కనే పూడ్చి, గుర్తుకో రాయి కూడా పెట్టలేదు.

ఇరవై ఏళ్ల కిందట చరిత్ర పుస్తకంవాళ్లు వచ్చి అడిగితే, తాత దర్జాగా ఎడమ గట్టు చూపించి ఫొటో కూడా దిగాడు. అప్పటికి దోనెలూ లేవు, వర్తకులూ లేరు. ఎవరి కోసం దాచినట్టో! అలవాటు, అంతే.

ఇప్పుడు సర్కారు ఆఫీసువాళ్లు ఆ పుస్తకం చూసి, పాత దోనెల దారని ఎడమ గట్టును కాపాడాలనీ కుడి గట్టును క్వారీకి ఇచ్చేయాలనీ తేల్చారు. సోమవారం నుంచి పేలుళ్లు. ముత్తాత ఎముకలు కంకరలో కలిసిపోతాయి. తాత కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు.

ఆఫీసరమ్మ కుర్చీ వేయించింది, మంచినీళ్లు ఇప్పించింది, చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. తర్వాత పుస్తకం తెరిచి, ఫొటోను ఆయన ముందుకు జరిపింది.

"అప్పుడు అబద్ధం చెప్పానమ్మా," అన్నాడు తాత.

"ఇప్పుడు చెప్పేది నిజమని నేనేం చూసి రాయను, తాతా? ఇంకెవరికైనా తెలుసా?"

తెలిసినవాళ్లంతా మట్టిలో కలిసిపోయారు. తాతకు కొడుకుల్లేరు. ఆఫీసరమ్మకు జాలేసి, కూతురి మాటైనా రాసుకుంటానంది. ఆ మాటకు తాతకు ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే ఆ ఆశా ఆరిపోయింది. చిన్నప్పుడు దాన్ని వేలు పట్టుకుని తీసుకెళ్లి ఏ గట్టు చూపించాడో ఆయనకు తెలుసు.

కూతురు ఆ ఫొటోను తన వైపు జరుపుకుంది. నాన్న కోసం ఒక్క మాట చెప్పేయవచ్చు. కానీ అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు.

"నాకూ ఎడమ గట్టే చూపించాడండి. నా పిల్లలకు నేనూ అదే చూపించాను," అంది.

ఆఫీసరమ్మ పెన్ను మూత పెట్టేసింది. కూతురు అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"నేనూ పైదాన్నేనా, నాన్నా?"