గాలి తిరిగే వేళ

మా ఆయన వెర్ల్‌కు ఓపిక లేదు. మా ఐడహో కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేటకు కావలసింది అదే, తుపాకీ తర్వాతి సంగతి. తెల్లవారుజామున చల్లగాలి వాలు వెంట కిందికి దిగుతుంది, ఎండ తగిలాక పైకి తిరుగుతుంది. ఆ తిరిగే వేళ కదలకూడదని ఇక్కడ పిల్లలకూ తెలుసు. వెర్ల్ మాత్రం లేచి నడిచేవాడు. మనిషి వాసన తగిలి పైనున్న మంద మొత్తం శిఖరం దాటిపోయేది.

చావుకైనా ఆగాడా? వసంతంలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సు వచ్చేలోగా పోయాడు.

"నా బూడిద గాలి పైకి తిరిగాక వదులు. అప్పుడైనా ఆ మందను అందుకుంటా" అని ఎప్పుడో నవ్వుతూ నా దగ్గర మాట తీసుకున్నాడు.

సెప్టెంబరులో నేను బూడిద డబ్బాతో, మా మరిది డెల్మార్ తన వేట సామానుతో కొండెక్కాం. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి డెల్మార్ వేటగాళ్ళ పౌడర్ సీసా నొక్కి చూశాడు. పొడి కిందికి జారింది. ఎండెక్కాక మళ్ళీ నొక్కితే పైకి లేచింది. పైన మగ ఎల్క్ అరిచింది.

"గాలి తిరిగింది వదినా. ఇక వదిలెయ్."

"మరి నీ వేట?"

"అన్న వాసన తగిలాక ఏ ఎల్క్ ఆగింది గనక!"

ఇద్దరం నవ్వాం. నవ్వు ఏడుపై కూర్చుంది. డబ్బా మూత తీయడానికి చేతులు రాలేదు. పైకి పోతే ఆయనా శిఖరం దాటిపోతాడు, ఇక రాడు.

"కాసేపాగు" అన్నాను. ఆ కాసేపు సాయంత్రమైంది. పాపం, డెల్మార్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. వాలు మీద నీడ పడ్డాక సీసా నొక్కాడు. పొడి మా మోకాళ్ళ పక్కనుంచి కిందికి, లోయలో కనిపించే మా ఇంటి కప్పు వైపు సాగింది.

"పొద్దు పోయింది. రేపు మళ్ళీ వద్దాంలే" అన్నాడు.

నేను మూత తీశాను.

"వదినా! గాలి కిందికి పోతోంది!"

"పోనీరా. పెళ్ళైనప్పటి నుంచీ ఎల్క్‌ల వెంటే తిరిగాడు. ఈ ఒక్కసారి నా దగ్గరికి రానీ."

మాట తప్పాను. బూడిద గడ్డి మీదుగా కిందికి దిగింది.

ఇంటికొచ్చాక ఎంత చలేసినా కిటికీలు మూయలేదు.