పాట బయటికి పోని హెడ్‌ఫోన్

మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఎంత తోమినా కనురెప్పల అంచున మిగిలిపోయిన బొగ్గు కాటుకతోనే కుర్చీలో వాలి, సదానందం ఫోనులో పాత పాట పెట్టాడు. పల్లవి అయిందో లేదో, గోడ అవతల నుంచి పోశం అందుకున్నాడు. అందుకోవడమంటే మామూలుగానా! పాట కంటే ఒకడుగు వెనక, శ్రుతికి రెండు మెట్లు పైన. పాటలో తెల్లవారిపోతున్నా పోశం ఇంకా వెన్నెల దగ్గరే ఉన్నాడు.

"మీ బావ మొదలువెట్టిండు," అంది వంటింట్లోంచి భార్య జమున, నవ్వాపుకోలేక.

"నీకు నవ్వులాటైంది," అని సదానందం ఫోను ఆపి మంచం మీద పడేశాడు.

పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస. సెంటినరీ కాలనీలో ఇద్దరి క్వార్టర్లకూ మధ్య ఒక్కటే గోడ. సదానందం గనిలో టింబర్‌మన్. పైకప్పును కడ్డీతో కొట్టి, చప్పుడు విని, అది నిలుస్తుందో కూలుతుందో చెప్పి ఆధారాలు నిలబెట్టే పని. అలా చెవితో బతికినవాడికి తాళం తప్పితే అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది. పోనీ మొహం మీదే చెబుదామంటే, ఒకనాడు కప్పు కూలుతుంటే కాలరు పట్టి ఇవతలికి గుంజి ప్రాణం నిలబెట్టినవాడు ఈ పోశమే. అలాంటి మనిషితో నీ గొంతు బాగాలేదని ఏ నోటితో అంటాం? కక్కలేక మింగలేక ఊరుకున్నాడు.

పోశం రిటైరై మూడు నెలలైంది. అతని భార్య సమ్మవ్వ సామానంతా కట్టించుకుని అప్పుడే ఊరికి వెళ్లిపోయింది. పోశం మాత్రం "కాగితాల పనున్నది" అంటూ ఖాళీ క్వార్టర్లో ఒక్కడే ఉండిపోయాడు. ఏం కాగితాలో ఆ పైవాడికే తెలియాలి. రేపు పోతాడు, ఎల్లుండి పోతాడు అని చూసి చూసి సదానందం ఓపిక ఈవేళ అడుగంటింది. ఒక్క పాట, ఒకే ఒక్క పాట, ఎవరూ కలవకుండా మొదటి నుంచి చివరిదాకా వినాలి. అంతే అతని కోరిక. చొక్కా తొడుక్కుని బండి తీశాడు.

"ఎటు?" అన్నాడు పోశం గుమ్మంలోంచి.

"గోదావరిఖనికి. చెవులకు పెట్టుకునేది కొనేటందుకు."

"నేను గూడ వస్త పా," అని వెనకెక్కి కూర్చున్నాడు. ఎవరి బాధ తప్పించుకోవడానికి పోతున్నాడో ఆ మనిషినే బండెక్కించుకుని పోవలసి వచ్చింది, ఖర్మ!

దుకాణం జయకృష్ణది. తండ్రి కోస్తా నుంచి వచ్చి పెట్టిందే అయినా అతను పుట్టింది ఇక్కడే. మాట మాత్రం తండ్రిదే. ముందు చెవిలో దూర్చుకునే బుల్లి గుండ్లు చూపించాడు. "దీనికి వైరే ఉండదండీ."

"వైరు లేకుంటె ఎట్లనయ్యా?" అన్నాడు సదానందం. ముప్పయ్యేళ్లుగా నెత్తిన దీపం, దాని వైరు వీపు మీదుగా నడుముకున్న బ్యాటరీ దాకా దిగాల్సిందే. వైరు లేనిది ఏది పెట్టుకున్నా చీకట్లో వదిలేసినట్టుంటుంది అతనికి.

జయకృష్ణ నల్లటివి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది వెనక తెరిచుంటుందండీ. పాట విశాలంగా వినపడుద్ది, కానీ పక్కవాళ్లకీ వినపడుద్ది. ఇది వెనక మూసింది. స్టూడియోలో పాడేవాళ్లు పెట్టుకునేది. పాట మైకులోకి పోకూడదు కదండీ."

సదానందం మూసిన దాన్నే తీసుకున్నాడు. తీసుకుని చెవులకు పెట్టుకున్నాడా? లేదు! వేలి కణుపుతో దాని వీపు మీద టకటకా కొట్టాడు. "డొల్లగ మోగుతంది."

"లోపల స్పీకరుంటుంది కదండీ, డొల్లే!"

"డొల్ల మోగిందంటె కూలుతదన్నట్టు," అన్నాడు సదానందం గంభీరంగా. పోశం రెండోవైపు అరచెయ్యి ఆనించి "మల్లొకసారి కొట్టు" అన్నాడు. కప్పు అదురును చేత్తో పట్టే అలవాటు అతనిది. "దీంట్ల అదురున్నది. ఇంకోటి తియ్." ఇద్దరూ కలిసి దుకాణంలో ఉన్న ఐదింటినీ కొట్టి చూశారు. చార్జర్ కోసం వచ్చినవాళ్లు కూడా చుట్టూ చేరి వినడం మొదలుపెట్టారు.

"పాట పెట్టి వినండి బాబూ, మీకు దండం పెడతాను!" అన్నాడు జయకృష్ణ.

చివరికి ఒకటి గట్టిదని తేలింది. పోశం ముందుగా తనే పెట్టుకున్నాడు. జయకృష్ణ ఫోనులో శబ్దం పూర్తిగా పెంచాడు. పోశం చాలాసేపు పైకి చూస్తూ నిలబడి, "పాట ఎప్పుడస్తది?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. "బావ చెవులను డ్రిల్లు మిషన్ ఎన్నడో తిన్నది. ఎదుటోని పెదవులు చూసే మాట పడతడు," అని సదానందం కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. పోశం తానూ నవ్వి దాన్ని తీశాడు.

"పెట్టుకుంటె బయటికి ఇంత గూడ రాదా?" అని అడిగాడు.

"చీమక్కూడా వినపడదండీ. పక్కింటోళ్లు హాయిగా పడుకోవచ్చు."

పోశం దాన్ని కాసేపు చేతుల్లోనే తిప్పాడు. "తీస్కో సదానందం. మంచిగున్నది," అని, డబ్బా చంకలో పెట్టుకుని తనే ముందు బయటికి నడిచాడు.

సాయంత్రం ఆరింటికి సదానందం వైరును చొక్కా లోపల వీపు మీదుగా దింపి, ఫోను నడుముకు దోపుకుని, పాట పెట్టాడు. అబ్బ! పాడే ఆమె చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. పాలు తాగే పిల్లిలా కళ్లు మూసుకున్నాడు. ఒకటి అనుకున్నవాడు పదకొండు పాటలు విన్నాడు. ఎటొచ్చీ ప్రతి పల్లవి చివరా, ఎవరో ఇంకా రావాల్సి ఉన్నట్టు, కాస్త ఆగి చూస్తున్నాడు. ఇదేం రోగమని తనను తనే తిట్టుకున్నాడు.

జమున భుజం తట్టేసరికి కళ్లు తెరిచాడు. ఆమె చేతిలో తాళంచెవి ఉంది.

"పోశమన్న ఊరికి పోయిండు. కాగితాల పని అయిపోయిందట. ఇది ఆఫీసుల ఇయ్యుమన్నడు."

"ఎప్పుడు? నన్ను లేపొద్దా?"

"నేను లేపుతనంటె వద్దన్నడు. గుమ్మంల నిలవడి నీ దిక్కు జరసేపు చూసిండు. 'మస్తు కుషీగున్నడు చెల్లె, విననియ్యి' అని బస్సుకు పోయిండు."

సదానందం హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతుండగానే పక్క క్వార్టర్ తాళం తీసి లైటు వేశాడు. లోపల మనిషి ఉన్న ఆనవాలే లేదు. చాప లేదు, చెంబు లేదు. అంతా శుభ్రంగా ఊడ్చి ఉంది.

మధ్య గోడను ఆనుకుని ఒక్క స్టూలు మాత్రం మిగిలింది. దాని మీద కూర్చుంటే సరిగ్గా చెవి ఆనేచోట, తెల్ల సున్నం మీద, కొబ్బరినూనె ఇంకి తలంత మరక, దాని పక్కనే అరచేతి గుర్తు.