మిగిలిన పసరు

జ్యేష్ఠమాస మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తిన నిలిచి గుండ్లకమ్మ యిసుకతిన్నెలను పెనములవలె గాల్చుచుండెను. కృశించిన నీటిపాయ వ్యాధిగ్రస్తురాలి నాడివలె నొకచోట గానవచ్చుచు వేఱొకచోట గానరాక పాఱుచుండెను. ఆ తీరమునందలి యొక రేకులయింటి వసారాలో పోలమ్మ యను నడివయస్సు స్త్రీ మందుసీసా చేతబట్టుకొని వీథివంక నొకమాఱు చూచి యెవ్వరును లేరని నిశ్చయించుకొని తేనెవలె జిక్కనైన యా మందును గ్రుక్కెడంత బూడిదకుప్పలో వంపివైచెను.

అట్లు వంపుట కది యైదవదినము.

లోపల మంచముపై నామె తల్లి నాంచారమ్మ పడియుండెను. నలువదియేండ్లపాటు తిరునాళ్ళవెంట దిరిగి వేనవేల కన్నెల ముంజేతులపై దేళ్ళను జంటచిలుకలను దులసికోటలను పచ్చబొట్లుగా బొడిచిన యా హస్తములు నేడు గాలికి గదలు నాకులవలె దమంత దామే రెపరెపలాడుచుండెను. పగలెల్ల నిద్రించును. మేల్కాంచినప్పుడు కన్నకూతునే యెవరని యడుగును. ముసలితనపు మతిమఱుపని యందఱును సరిపెట్టుకొనిరి. పట్టణపు టాసుపత్రిలోని వైద్యురాలు మృణాళిని మాత్రము సరిపెట్టుకొనలేదు.

నాలుగుదినముల క్రిందట నామె పోలమ్మను బిలిచి యీ సీసాను చేతికిచ్చెను.

“ఇది ముసలితనం కాదు పోలమ్మా. కాలేయం చెడిపోయి ఆ విషం తలకెక్కింది. ఈ మందు పూటపూటా తాగించు. విరేచనం సాఫీగా అయితే నాలుగు రోజుల్లో తెలివిలోకి వస్తుంది.”

“కాలేయం ఎందుకు చెడుద్ది డాక్టరమ్మా? మాయమ్మ కల్లు వాసన కూడా ఎరగదే!”

“రక్తంలో క్రిమి ఉంది. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా దాగి ఉంటుంది. సూదిమీద ఒకరినుంచి ఒకరికి పోతుంది. కోనంపాడులో మంగతాయి, వీరనాగమ్మ అని ఇద్దరు ఆడవాళ్ళు ఇదే జబ్బుతో చచ్చిపోయారు. ఇద్దరి చేతులమీదా ఒకేరకం జంటచిలకలు, ఒకే తిరనాళ్ళలో పొడిపించుకున్నవి. ఆ రోజు ఇంకా ఎవరెవరు పొడిపించుకున్నారో మీ అమ్మ ఒక్కతే చెప్పగలదు. ఇప్పుడు దొరికితే మూడు నెలల మాత్రలతో నయమైపోయే జబ్బు. దొరక్కపోతే వాళ్ళూ అంతే.”

ఆ మాటలలో మాత్రల సంగతి పోలమ్మ చెవి కెక్కలేదు. తన తల్లి సూది యిద్దఱిని బొట్టనబెట్టుకొనె నన్న దొక్కటియే యెక్కెను. తల్లికి దెలివి వచ్చిన పేర్లు చెప్పును. చెప్పిన నూరెల్ల నెఱుగును. ఎఱిగిన కోనంపాడు జనులు కఱ్ఱలు బట్టుకొని యీ గుమ్మమునకే వత్తురు. కావున నా తెలివి రాకుండుటయే మేలని యామె తలపోసి యానాటినుండియే మందును బూడిదపాలు చేయ నారంభించెను.

సీసా యడుగున మఱి యొక మోతాదు మాత్రమే మిగిలియుండగా లోపలినుండి కేక వినవచ్చెను.

“ఏందే ఇంత జనం! పసుపునీళ్ళు తేండే!”

పోలమ్మ ఱెప్పపాటున లోపలి కేగెను. నాంచారమ్మ మంచము దిగి చాపపై గూర్చుండి చీపురుపుల్లను సూదివలె బట్టుకొని శూన్యమును జూచుచుండెను. ఇప్పటి కాల మామె మనస్సునుండి జాఱిపోయి ముప్పదియేండ్లనాటి తిరునాళ్ళు కన్నులయెదుట నిలిచెను.

“రావే మంగతాయీ, చెయ్యి చాపు. వీరనాగమ్మకి వేసినట్టే నీకూ చిలకలేనా? ఏడవమాకే పిచ్చిదానా, మొగుడొచ్చాక ఏడుద్దువుగాని!”

మంగతాయి, వీరనాగమ్మ. మృతు లిరువురును వారే.

“అమ్మా, వద్దే. పడుకోవే” అని పోలమ్మ భుజము బట్టుకొనెను.

వృద్ధురా లామెను విదిలించికొట్టి చాపపై బుల్లతో బొడుచుచునే యుండెను. “నువ్వు జరుగమ్మా, వరస తప్పించమాక. ఆదెమ్మా, నువ్వు రా. నీ యెనక సీతారావమ్మ, ఆ యెనక కోటేశ్వరి. సూది మార్చమంటావా? హస్తవాసి గల సూదే అది, మారిస్తే బొట్టు పండదు. పసుపునీళ్ళలో ముంచానుగా!”

పోలమ్మ చెవులు మూసికొనెను. మూసికొన్న చేతిని దల్లి మణికట్టుదగ్గఱ బట్టి లాగెను. ఆ పట్టునం దెన్నడును లేని బలము గలదు.

“జనం అయిపోయారు. పోలీ, నిద్రపోయావంటే? మిగిలిన పసరు ఇంటికి మోసకపోకూడదమ్మా, కీడు. ఒక్క చుక్కేనే తల్లీ, అందరి దిష్టీ పోద్ది” అని యా పుల్లమొన నామె ముంజేతిపై నానించెను.

ఆన్చిన తావున మణికట్టునుండి మోచేతివఱకు వరుసదీరిన పదునొకండు పచ్చనిచుక్క లుండెను. పదునొకండు తిరునాళ్ళు. అవి తల్లి దీవెనలనియే పోలమ్మ యింతకాలము ముద్దు పెట్టుకొనుచుండెను గాని తిరునాళ్ళయం దందఱికిని బొడిచిన సూదియే చిట్టచివర దన చేతికి దిగెనని యెన్నడును దలంపలేదు. ఇప్పుడు దలంచెను.

కొంతసేపటి కామె లేచి సీసాలో మిగిలినదానిని దల్లినోట బోసి పెదవులు తుడిచెను. పిమ్మట నాటో పిలిపించి తల్లిని గూర్చుండబెట్టుకొని యాసుపత్రికి బోయి మృణాళినియెదుట నిలిచెను.

“పేర్లు చెబుతా రాసుకోండి డాక్టరమ్మా. ఆదెమ్మ, సీతారావమ్మ, కోటేశ్వరి. ముగ్గురూ కోనంపాడోళ్ళే.”

“మీ అమ్మ తెలివిలోకి వచ్చిందా?”

“రాలా. మందు నేనే పారబోశా. ఆ తిట్లేవో తర్వాత తిట్టండి. ముందు ఆ ముగ్గురి పైన ఇంకో పేరు రాయండి, పోలమ్మ అని.”

ఆమె కొంగు తొలగించి చేయి సాచెను. వైద్యురా లా చుక్కల వరుసను జూచి కాగితముపై నా పేరు వ్రాసి నర్సును బిలిచి వృద్ధురాలిని లోపలి మంచముపై బరుండబెట్టించెను.

మరల వచ్చిన నర్సు రక్తము దీయుటకు మోచేతిపై దూది రుద్దెను. పదునొకండవ చుక్క కొక వ్రేలెడు పైన నరము నీలముగా నుబ్బెను. సూది దగ్గఱకు వచ్చుచుండగా బోలమ్మ చేయి వెనుకకు దీసికొనెను.

“అమ్మా, ఆ సూది కొత్తదేనా?”

నలువదియేండ్ల తిరునాళ్ళలో నాంచారమ్మయెదుట జేయి సాచిన వేలకొలది స్త్రీలలో సూది మార్చుమని గొణిగినవా రుండిరి గాని మార్చినదాక జేయి వెనుకకు దీసికొన్న దొక్కతెయు లేదు. నర్సు నవ్వి క్రొత్త పొట్లమును దెచ్చి యామె కన్నులయెదుటనే చించెను. అప్పుడు పోలమ్మ చేయి సాచెను.