అద్దానికి ఎర్రగుడ్డ

అరగ్లాసు నీళ్లతో కాఫీ గిన్నె కడిగి, ఆ నీళ్లను పారబోయకుండా మరుగుదొడ్డి బకెట్లో పోసి, వాండా బండి దిగింది. పదకొండేళ్లుగా ఆ బండే ఆమె ఇల్లు. మంచం, పొయ్యి, కుట్టుమిషను, మొగుడి ఫొటో అన్నీ ఆ ఇరవై ఎనిమిది అడుగుల్లోనే సర్దుకున్నాయి. అరిజోనా ఎడారిలో చలికాలమంతా ఇలాంటి బళ్లలో మకాం వేసేవాళ్లకు పరదాలూ, బండి పక్కన నీడకు కట్టుకునే పందిరిగుడ్డలూ కుట్టిపెట్టడం ఆమె పని.

దిగగానే డ్రైవరు వైపు బయటి అద్దానికి ఎర్రగుడ్డ కట్టింది. కీళ్లవాతంతో వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర తిరిగాయి. ముడి వెయ్యడానికే చాలాసేపు పట్టింది.

ఆ గుడ్డ పద్ధతి పెట్టింది ఆమే. ఒంటరిగా ఉండే ప్రతివాళ్లూ పొద్దున లేవగానే కట్టాలి, పొద్దుగూకేలోగా విప్పాలి. పొద్దున సూర్యుడు తూర్పు గుట్ట దాటి పైకొచ్చినా గుడ్డ కనబడకపోతే పక్కబండి వాళ్లు వెళ్లి తలుపు కొట్టాలి. మూడేళ్ల క్రితం దిన్నె అవతల రాస్కో అనే ముసలాయన తన బండిలో చచ్చిపోయి ఐదు రోజులు పడున్నాడు. ఆ ఐదు రోజులూ వాండా అటుగా నడిచి వెళ్తూ ఆ బండికి చెయ్యూపుతూనే ఉంది. చావంటే ఆమెకు భయం లేదు. ఎవరికీ తెలియకుండా పడుండటమంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

పక్కబండి హార్వీ కాఫీ కప్పుతో బయటికొచ్చాడు. అతని అద్దానికి గుడ్డ నిన్న కట్టిందే ఉంది.

"ఏమయ్యా హార్వీ! రాత్రి గుడ్డ విప్పలేదేం?"

"విప్పడమెందుకు, పొద్దున్నే మళ్లీ కట్టడమెందుకు? బద్ధకమనుకో."

"బద్ధకమా! నువ్వు లోపల చచ్చి పడున్నా నేనిక్కడ నవ్వుతూ చెయ్యూపుతుంటాను. తెలిసిందా ముసలోడా? రాత్రి విప్పకపోతే అది వట్టి గుడ్డముక్క."

"పొద్దున్నే కాస్త శుభం పలకవమ్మా! సరే, నా పందిరిగుడ్డ ఎప్పుడిస్తావు?"

"ఇవాళ మంగళవారం కదా, శనివారానికిస్తా. ఈలోగా వచ్చి తలుపు కొట్టావంటే సూది నీకే గుచ్చుతా."

"నీ తలుపు కొట్టే దమ్ము నాకెక్కడిది తల్లీ!" అంటూ అతను గుడ్డ విప్పి, ఆమె చూస్తుండగానే మళ్లీ కట్టాడు.

మబ్బు పట్టి మూడో రోజు. పైకప్పు మీది సోలార్ పలకలకు ఎండ లేదు, బ్యాటరీలు అడుగంటాయి. మిషను తిరగలేదు. వాండా పందిరిగుడ్డ ఒళ్లో వేసుకుని చేత్తోనే కుట్టడం మొదలెట్టింది. మధ్యాహ్నానికి, కుంపటి వదిలే విషవాయువు బండిలో చేరితే అరిచి లేపాల్సిన డబ్బా, బ్యాటరీ చాలక కీచుమనడం మొదలెట్టింది. నిమిషానికొకసారి కీచు. నాలుగుసార్లు ఓర్చుకుంది.

"నీ గోల తగలెయ్య! ఎండొచ్చాక తగిలిస్తాలే" అని తీగ పీకేసింది.

సాయంత్రం గాలి లేచింది. బండి ఊగింది. చలికి గ్యాస్ కుంపటి వెలిగించింది. కుంపటి వెలిగితే పైకప్పు కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచాలని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ నూరిపోసేది ఆమే. కానీ ఆ సందులోంచి ఇసుక జలజలా రాలి హార్వీ పందిరిగుడ్డ మీద పడుతోంది. మూసేసింది. గాలి తగ్గాక తెరవొచ్చనుకుంది.

వెలుగు పోతుండగా ఎర్రగుడ్డ గుర్తొచ్చింది. తలుపు తోసింది. గాలి ఎదురుతోసింది, ఇసుక కళ్లలో పడింది. అయినా దిగి అద్దం దాకా వెళ్లింది. ముడి బిగుసుకుపోయింది. వేళ్లు కొంకర్లు పోయి గోరు కూడా దూరలేదు.

"పొద్దున్నే మళ్లీ కట్టాల్సిందే కదా" అనుకుంది. అనుకున్నాక నవ్వొచ్చింది. ఈ మాట హార్వీ చెవిన పడితే ఇంకేమైనా ఉందా! రేపు అతనికంటే ముందే లేచి విప్పి కడితే సరి.

లోపలికొచ్చాక తల బరువెక్కింది. రోజంతా వంచిన మెడ కదా అనుకుంది. పందిరిగుడ్డకు జానెడు అంచు మిగిలింది. సూది అక్కడే గుచ్చి, అదే గుడ్డ కాళ్ల మీదికి లాక్కుని, ఒక్క కునుకు తీద్దామని మంచం మీద ఒరిగింది. కునుకు హాయిగానే పట్టింది.

బుధవారం పొద్దున హార్వీ కాఫీతో బయటికొచ్చి చూశాడు. ఎర్రగుడ్డ రెపరెపలాడుతోంది. "నాకంటే ముందే లేచింది ముసల్ది" అనుకుని చెయ్యూపాడు. సాయంత్రం బుద్ధిగా తన గుడ్డ విప్పుకున్నాడు. ఆమెది ఉందో లేదో ఆ ఇసుకగాలిలో తల ఎత్తి చూడలేదు. గురువారం చెయ్యూపాడు. శుక్రవారమూ ఊపాడు. ఆ రెండు సాయంత్రాలూ అదే గాలి. బయటికి రావట్లేదంటే తన పందిరిగుడ్డ కోసమే కష్టపడుతోందనుకుని, సూదికి భయపడి తలుపు జోలికి పోలేదు.

శనివారం మధ్యాహ్నం రెండు నీళ్ల క్యాన్లు మోసుకొచ్చి మెల్లగా తలుపు తట్టాడు. తర్వాత గట్టిగా తట్టాడు. తర్వాత గడియ విరగ్గొట్టాడు.

ఆమె శవాన్ని తీసుకెళ్లాక, బండి ముందు ఒక్కడే మిగిలాడు. మంగళవారం ఆమె తిట్టిన మాట చెవుల్లోనే ఉంది. అద్దం దగ్గరికెళ్లి, ఏడుస్తూనే ముడి విప్పబోయాడు. నాలుగు రోజుల గాలికి బిగిసిన ముడి. వేళ్లతో కాలేదు, పళ్లతోనూ కాలేదు. కత్తి తీసి, మనసొప్పక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

సూర్యుడు పడమటి గుట్ట వెనక్కి దిగిపోయాడు. ఎర్రగుడ్డ అద్దానికే ఉంది.