నీలం సీసాలో పులుపు

ఆ వీధిలో అందరికీ ఒక ఇంటి కోడలి దగ్గు తెలుసు. కోడలి మొహం ఎరగని వాళ్ళకు కూడా తెలుసు. కోడలు రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు మైకులో చదువుతుంది. స్టేషన్ వీధి చివరే. అక్కడి లౌడ్‌స్పీకర్లలో ఒకటి, ఎవరు బిగించారో గానీ, ప్లాట్‌ఫారం వైపు కాకుండా ఇళ్ళ వైపు తిరిగి ఉంది. అందుకని ఏ బండి ఎక్కడికొస్తోందో ఎక్కవలసిన వాళ్ళకంటే ముందు వంటిళ్ళలో ఉన్న వాళ్ళకు తెలిసేది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదకు రావలసిన పాసింజరు..." అన్నంత వరకూ గొంతు నున్నగా సాగేది. అక్కడ దగ్గు. మళ్ళీ విజ్ఞప్తి. మళ్ళీ దగ్గు. బండి మాత్రం ఈలోగా వచ్చేసేది.

"మీ కోడలికి ఇవాళ కాస్త నయం అనుకుంటానమ్మా, ఒక్కసారే దగ్గింది" అనేవాడు కూరగాయల బండి అతను, తూకం వేస్తూ.

"నువ్వు ముల్లు సరిగ్గా చూడు" అనేది అత్తగారు.

కోడలి ఉద్యోగం తాత్కాలికం. ఉదయం బండ్లు మాత్రమే చదవనిస్తున్నారు. పై ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి విని, బాగుందంటే ఉద్యోగం ఖాయం చేసి మధ్యాహ్నం బండ్లు కూడా ఇస్తారు. లేదంటే రికార్డు చేసిన గొంతు ఒకటి కొని, కోడలిని పార్సిల్ ఆఫీసులో మూటల దగ్గర కూర్చోబెడతారు. "యంత్రం దగ్గదు కదమ్మా" అన్నాడట స్టేషన్ మాస్టరు, మంచి మనసుతోనే. కోడలు ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పి నవ్వబోయి దగ్గింది.

అత్తగారు బి.ఎస్సీ. కెమిస్ట్రీ. ఆ డిగ్రీతో ఆవిడ ఉద్యోగం చెయ్యలేదు. ఇరుగుపొరుగు వాళ్ళ తప్పులు దిద్దింది. పక్కింటావిడ వంట సోడాలో వెనిగర్ పోసి, నురగ చూసి మురిసిపోతుంటే, "నురగ బాగుంది. రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. ఇప్పుడు మీ బకెట్లో ఉన్నవి ఉప్పు కలిసిన నీళ్ళు" అని చెప్పి వచ్చింది. పక్కింటావిడ ఆ తర్వాత కొన్నాళ్ళు తలుపు వేసుకుని శుభ్రం చేసుకుంది.

ఆవిడ లెక్కలో శుభ్రానికి రెండు గుర్తులు: నేలకు ఫినాయిలు, అద్దాలకు బజారులో దొరికే నీలం మందు. రెంటికీ ఘాటు వాసన ఉండాలి. గుమ్మంలో అడుగు పెట్టిన మనిషి ముక్కుకి ఇల్లు తుడిచారని తెలియాలి. కాపురానికి వచ్చిన కొత్తల్లో కోడలు, "అత్తయ్యా, అద్దాలకి వెనిగరూ నీళ్ళూ సరిపోతాయట. ఘాటుండదు" అంది మెల్లగా.

"కిటికీ అనుకున్నావా, సలాడ్ గిన్నె అనుకున్నావా?" అంది అత్తగారు. చుట్టాలు నలుగురూ ఉన్నప్పుడు అంది. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

అయిపోలేదని తెలిసింది మేడ మీద నీళ్ళ ట్యాంకు పగిలినప్పుడు. దాన్ని బాగు చేసేదాకా ఇల్లు కడగడానికి నీళ్ళు లేవు. అత్తగారు ముక్కు మూసుకుని మురికిని భరించింది. వీధి చివర మాత్రం బండి తర్వాత బండి, ఊళ్ళ పేర్లు ఒక్కటీ విరగకుండా వచ్చాయి. ట్యాంకు బాగయింది. ఆవిడ బాకీ తీర్చినట్టు ఇల్లంతా రెండింతల ఫినాయిలు పోసి కడిగింది. మర్నాడు ఎక్స్‌ప్రెస్సు ఏ ఊరు వెళుతుందో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు.

ఆవిడ పొయ్యి కట్టేసి ఫినాయిలు డబ్బా వైపు చూసింది. ప్రయోగం అడక్కుండానే జరిగిపోయింది. ఫలితం చూసి కూడా చూడనట్టుండటం ఆవిడకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

మానెయ్యడం కష్టం కాదు. మానేశానని చెప్పడమే కష్టం. సలాడ్ గిన్నె మాట అన్న నోటితో ఆ మాట ఎలా చెబుతుంది? అందుకని ఆవిడ చెప్పకుండా మానేసింది. నీలం మందు పారబోసి, సీసా కడిగి, సగం వెనిగరూ సగం నీళ్ళూ పోసింది. తెల్లగా కనిపిస్తే దొరికిపోతుందని, తెల్లబట్టలకు వేసే నీలిమందు రెండు చుక్కలు కలిపింది. మంచిదానిలో చెడ్డది కలిపి అమ్మే వాళ్ళను ఆవిడ చూసింది. మంచిదాన్ని చెడ్డదానిలా కనిపించేట్టు చెయ్యడానికి ఇంత శ్రమ పడాలని మాత్రం అనుకోలేదు.

పనిలో మాత్రం లోటు చెయ్యలేదు. ఎండ పడుతున్నప్పుడు అద్దం తుడవలేదు, చారలు కడతాయని. లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడిచింది. అలా చేస్తే, చార మిగిలినా ఏ వైపుదో ఇట్టే తెలుస్తుంది. జిడ్డు పట్టిన పొయ్యికి వంట సోడా తడిపి ముద్దగా రాసింది. నేలకు గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం సబ్బు. ఫినాయిలు డబ్బా మాత్రం మూత బిగించి అందరికీ కనిపించేలా గుమ్మం పక్కనే ఉంచింది.

"ఇల్లంతా పులుపు వాసనేంటోయ్?" అన్నాడు భర్త. ఆయన లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో, ఏ వాసన ఎప్పుడు మారిందో కనిపెట్టడం అలవాటు.

"మీకు జలుబు చేసింది" అంది ఆవిడ.

"జలుబు చేస్తే వాసన తెలియదు కదా?"

"తెలిసేరకం జలుబు."

ఆయన వార్తాపత్రిక తీసుకోబోయాడు. అద్దాలు తుడవడానికి అది అప్పటికే ముక్కలైంది.

దగ్గు తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, బండికి ఒకటి చొప్పున, తర్వాత రెండు బండ్లకు ఒకటి చొప్పున తగ్గింది. అత్తగారికి ఉత్సాహం పెరిగింది. ఆ ఉత్సాహంలోనే తప్పు చేసింది.

వంటింటి గట్టు పాలరాయి. నున్నగా, మొహం కనిపించేటంత మెరుగు. ఒక మధ్యాహ్నం దాని మీద నిమ్మరసం కలిపిన వెనిగర్ పిచికారీ కొట్టి, ఫోను మోగితే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గట్టు మీద అరచేయంత మేర మెరుగు చచ్చిపోయి ఉంది. తుడిచింది. కడిగింది. గోటితో గీకింది. అది మరక కాదు. రాయే కరిగింది. పాలరాయి మీద పులుపు పడితే ఏమవుతుందో ఆవిడ పరీక్షలో రాసింది. బుడగలు పైకి పోతున్నట్టు బాణం గుర్తు కూడా వేసింది. పూర్తి మార్కులు వచ్చాయి.

ఆవిడ కిటికీ దగ్గరున్న మట్టి కూజా తెచ్చి ఆ మచ్చ మీద పెట్టింది.

సాయంత్రం భర్త మంచినీళ్ళు వంచుకుని, కూజాను కిటికీ వైపు జరపబోయాడు.

"ముట్టుకోకండి. దాని చోటు అదే."

"నిన్నటిదాకా కిటికీ దగ్గరుండేది కదటోయ్?"

"నిన్న వేరు."

ఆయన కూజాను చూశాడు, భార్యను చూశాడు, నీళ్ళు తాగాడు.

పై ఆఫీసు పెద్దమనిషి మర్నాడు వస్తాడనగా భర్త అక్క దిగింది. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసింది. వార్డులు మారాయి, రోగులు మారారు, వాసన మాత్రం మారకూడదని ఆవిడ పట్టు. చుట్టాలింటికి పళ్ళతో పాటు చిన్న డబ్బాలో బ్లీచింగ్ పౌడర్ కూడా తెచ్చుకునే మనిషి. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది వదినా. ఏం?"

"ఇల్లు కడిగి ఎన్నాళ్ళయింది?"

"పొద్దున్నే కడిగాను."

"దేంతో? ఉత్తుత్తినేనా?"

 అత్తగారు ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ వదిన ఒక్కసారి కూడా ఆవిడ శుభ్రానికి వంక పెట్టలేదు. అదొక్కటే ఆ వదిన ఇచ్చిన యోగ్యతాపత్రం. అయినా టీ పెట్టడానికి వెళ్ళింది.

టీ మరుగుతోంది. గదిలో కోడలు రేపటి కోసం ఊళ్ళ పేర్లు వరుసగా చదువుకుంటోంది. గది పక్కనే బాత్రూం. అటువైపు నుంచి రేకు డబ్బా మూత ఊడిన చప్పుడైంది.

అత్తగారు టీ వదిలేసి పరిగెత్తింది. బాత్రూం నేల మీద పట్టిన ఉప్పునీటి తెల్లచారలు వదలడానికి అప్పుడే మగ్గుడు వెనిగర్ పోసి నాననిచ్చింది. ఆ పులుపులో బ్లీచింగ్ పడితే లేచే గాలి గొంతు మాడ్చేస్తుంది. కోడలి గది తలుపు బార్లా తెరిచి ఉంది.

"వదినా, ఆగండి! పొయ్యకండి!"

వదిన చేతిలో డబ్బా వంగి అలాగే ఆగింది. "ఏం, నీ పని నేను చేస్తే నామోషీనా?"

"కింద వెనిగర్ ఉంది."

"బాత్రూంలో వెనిగరేంటి?"

సీసా జారి పడిందని చెప్పొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ వదిన రేపు బండెక్కేదాకా ఇక్కడే ఉంటుంది. అందరికంటే ముందు లేస్తుంది. గుమ్మం పక్కన ఫినాయిలు డబ్బా నిండుగా ఉంది. కోడలు మైకు ముందు కూర్చునేది ఆ తర్వాతే.

"నేనే పోశాను" అంది అత్తగారు. "ఫినాయిలు మానేశాను. నీలం మందు కూడా. ఆ ఘాటుకే అమ్మాయి దగ్గుతోంది. ఇన్నాళ్ళూ దాన్ని దగ్గించింది నేను."

ఊళ్ళ పేర్లు ఆగిపోయాయి. కోడలు కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

వదిన డబ్బా మూత పెట్టింది. హాల్లోకి నడిచి కిటికీ దగ్గరున్న సీసా ఎత్తి చూపించింది. "మరి ఇది నీలంగానే ఉందే?"

"నీలిమందు."

"ఎందుకూ?"

"ఎవరైనా చూస్తే పాతదే అనుకోవాలని."

"నువ్వేమన్నా దొంగ సరుకు తయారు చేస్తున్నావా?" అని వదిన వంటింట్లోకి నడిచింది. తనిఖీ మొదలుపెడితే మధ్యలో ఆపడం ఆవిడకు చేతకాదు. గట్టు మీద వేలు పెట్టి రాసి చూసింది. కూజా దగ్గరికి వచ్చింది. అందరూ చూస్తుండగా కూజా ఎత్తింది.

"ఇదేంటి?"

"వెనిగర్ పడింది."

"పాలరాయికి పులుపు పడదని నాకే తెలుసే. నువ్వు బి.ఎస్సీ. అన్నారు కదా పెళ్ళప్పుడు?"

"అవును."

"తెలిసే పోశావా?"

"తెలిసే పోశాను. రాయి కొంచెం కొట్టుకుపోయింది. అక్కడ మిగిలింది నా తెలివి."

పొంగిన టీ పొయ్యి మీద చుయ్యిమంది. భర్త వెళ్ళి కట్టేసి వచ్చాడు.

"అత్తయ్యా, నీలిమందు సంగతి నాకు తెలుసు" అంది కోడలు.

"ఎలా తెలుసు?"

"కిటికీ తుడిచే గుడ్డ నీలంగా మారింది. పాత మందుకి గుడ్డ రంగు మారేది కాదు."

"మరి చెప్పవేం?"

"చెబితే మానేస్తారేమోనని."

 అత్తగారు నిజంగానే మానేసి ఉండేది.

వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. "సరే. ఆ బాత్రూం ఇప్పుడు దేంతో తోమాలి?"

"ముందు వెనిగర్ కడిగెయ్యాలి. ఆ తర్వాత వంట సోడా. రెండూ ఒకేసారి వేస్తే మాత్రం..."

"చంపుకుంటాయి. నీ పెళ్ళయినప్పట్నుంచీ వింటున్నాను" అంది వదిన.

ఆవిడే తోమింది. తోమి, కడిగి, గుమ్మం దగ్గర నిలబడి మళ్ళీ ముక్కు ఎగబీల్చింది. "తెల్లగానే ఉంది. కానీ వాసనే లేదమ్మా. నాకు మనసొప్పదు." ఆ రాత్రి బ్లీచింగ్ డబ్బా తలగడ పక్కన పెట్టుకుని, అప్పుడప్పుడు మూత తీసి వాసన చూసుకుని పడుకుంది.

మర్నాడు ఉదయం వదిన బండికి బయల్దేరింది. ఫినాయిలు డబ్బా కూడా సంచీలో వేసుకుంది. "ఇక్కడుంటే పాడైపోతుంది" అంది. అది పాడయ్యే వస్తువు కాదని అత్తగారికి తెలుసు. ఈసారి దిద్దలేదు.

కిటికీ తెరిచి నిలబడింది. భర్త వెనకే ఉన్నాడు. కింద కూరగాయల బండి అతను తక్కెడ పట్టుకుని ఆగిపోయాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి." వదిన ఎక్కే బండే. దారిలో ఆగని ఊరు లేదు. కోడలు ఒక్కో పేరూ పైనుంచి దింపుతున్న గాజు సామానులా జాగ్రత్తగా చదువుతోంది. అత్తగారు ఆ పేర్లతో పాటు ఊపిరి బిగబట్టింది. సగం ఊళ్ళు అయ్యాయి. చివరి జంక్షన్ దాటింది. ఇంక నాలుగే ఉన్నాయనగా దగ్గు వినిపించింది.

 ఆవిడ కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది. కానీ ఊళ్ళ పేర్లు ఆగలేదు. వెనక్కి తిరిగి చూసింది.

"పులుపు" అన్నాడు భర్త, గొంతు పట్టుకుని. "ఇందాక నా కళ్ళద్దాల మీద కూడా కొట్టావు కదా."

"శభాష్. దగ్గడానికి ప్రకటన మధ్యలోనే దొరికిందా మీకు?"

ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయాడు. బయట చివరి ఊరు కూడా అయిపోయింది. కూరగాయల బండి అతను తలెత్తి చూసి, తక్కెడ దించాడు.

మిగతా పొద్దంతా ఆవిడ తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచింది. మధ్యాహ్నం బండి ఎప్పుడూ మరో గొంతు చదివేది. ఏ ఊరినైనా తిట్టినట్టు చదివే మగ గొంతు. ఆ వేళయ్యేసరికి ఆవిడ గుడ్డ పక్కన పడేసి కూర్చుంది. లౌడ్‌స్పీకర్ కాసేపు గరగరలాడింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి" అంది కోడలు.

అత్తగారు బండి వచ్చి వెళ్ళేదాకా విన్నది. లేచి వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీది కూజా తీసి కిటికీ దగ్గర, దాని పాత చోట పెట్టింది. పాలరాయి మీద అరచేయంత మచ్చ వెలుతుర్లో పడింది.

"దాని చోటు అదే అన్నావు కదటోయ్?" అన్నాడు భర్త.

"నిన్న వేరు" అంది ఆవిడ.