ఒంటి సీటు కారు

ఆ శనివారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. చక్కెర లేని కాఫీ తాగే అత్తగారు. కాఫీ సగం తాగి, చల్లారిందని మళ్ళీ వేడి చేయమనే భర్త. ముందురోజు సాయంత్రం బస్సు దిగి వచ్చిన పెద్దాడపడుచు. ఆవిడకు కాఫీ వాసన పడదు, టీ కావాలి. ఏదిచ్చినా తాగేసి, గిన్నెలో ఇంకేమైనా మిగిలిందా అని అడిగే ఆడపడుచు భర్త. వీళ్ళందరి కప్పులూ కడుగుతూ, తను ఇంకా ఏమీ తాగలేదని గుర్తొచ్చి, అంతలోనే ఆ సంగతి మళ్ళీ మర్చిపోయిన ఆమె.

ఆమె మనసంతా వార్నిష్ మీద ఉంది. మర్నాడు పొద్దున లైబ్రరీ హాల్లో బొమ్మ కార్లు చేసేవాళ్ళ ప్రదర్శన. ఏటా ఆమె భర్త అక్కడ మూడు కార్లు పెడతాడు. అద్దాల్లా మెరిసే కార్లు, వాటిలో మొహం చూసుకోవచ్చు. ఈసారి మొదటిసారిగా ఆమె కూడా ఒకటి పెడుతోంది. నిర్వాహకుడికి తనే ఫోన్ చేసింది. అడగాల్సింది అడిగి, సగం బల్ల సంపాదించింది. ఆ మాట చెప్పినప్పుడు భర్త ప్రేమగానే నవ్వాడు.

"దానికోసం వేరే బల్ల ఎందుకూ? నా వాటి పక్కన ఓ మూల పెట్టేస్తే పోయేదిగా."

కోపంగా అని ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అని ఉండేది. ప్రేమగా అనేసరికి కూర తరగడానికి వెళ్ళిపోయింది.

ఆ కారు పుట్టింది చెత్తబుట్టలో. పోయిన వానాకాలంలో భర్త ఒక బొమ్మ కారు పైకప్పును వంకరగా కోసి, ఛీ అని కారునే విసిరేశాడు. చెత్త బయట పెట్టబోతూ ఆమె దాన్ని తీసి కొంగులో దాచుకుంది. ఎందుకు దాచిందో అప్పుడు తనకే తెలియదు. కొన్నాళ్ళకు రంపపు బ్లేడుతో వెనక సగం కోసేసి, అక్కడ అగ్గిపెట్టెంత గది కట్టింది. గదికి ఒక కిటికీ, లోపల చిన్న బల్ల, బల్ల మీద గింజంత దీపం. ముందు భాగంలో ఒకే సీటు, స్టీరింగ్ ఎదురుగా. పక్క సీటుండే చోట మడిచిన దుప్పటి, ఒక నీళ్ళ సీసా. అలాంటి కారు ఏ కంపెనీ వాళ్ళూ చేయలేదు. ఆమెకు డ్రైవింగ్ రాదు. పెళ్ళయిన కొత్తలో నేర్చుకుంటానంటే, నువ్వెక్కడికి వెళ్తావు, కావలసిన చోటికి నేను తీసుకెళ్తాగా అన్నాడు భర్త. తీసుకెళ్ళాడు కూడా. ఆయన వెళ్ళే చోట్లన్నిటికీ తీసుకెళ్ళాడు.

కారు కట్టడం ఒక ఎత్తు, దాన్ని పాతబడ్డట్టు చేయడం ఒక ఎత్తు. ఆ పని ఆమెకు చేతిలో ఉన్న విద్యే. ఆమె పని చేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే చోట. తెల్లగా మెరిసే కొత్త పన్నును నోట్లో పెడితే పక్క పళ్ళలో కలవదు. చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు, అంచున సన్నని గీత, కాఫీ తాగే మనిషైతే కాస్త గోధుమ రంగు వేయాలి. అక్కడ అందరూ ఆమెను మరకలావిడ అంటారు. మంచి పన్ను వచ్చిందని రోగులు డాక్టరుకు దండం పెడతారు. మరకలావిడ వెనక గదిలో ఇంకో పన్ను పట్టుకుని కూర్చుంటుంది.

కారుకి ముందు తుప్పు రంగు వేసింది. అది ఆరాక అక్కడక్కడ తడిపి వంటింటి ఉప్పు చల్లింది. దాని మీద ఆకుపచ్చ రంగు వేసి, అదీ ఆరాక ఉప్పు రాల్చేసింది. ఉప్పు కూర్చున్న చోటల్లా ఆకుపచ్చ పెచ్చు లేచి కింద తుప్పు బయటపడింది, నిజంగా ఏళ్ళ తరబడి వానలో నిలబడ్డట్టు. ఆ పైన సుద్దముక్కలు అరగదీసి ఆ పొడి కుంచెతో అద్దింది. ఒక్కో మరకకూ ఆమె దగ్గర ఒక ప్రయాణముంది. చక్రాల మీది ఎర్రమట్టి కొండదారిది. బంపర్ కింది తెల్లటి చార సముద్రం పక్కన ఆగిన రోజుది. తలుపు సగం దాకా ఉన్న బూడిదరంగు గీత, వంతెన లేని నదిలోంచి కారును మెల్లగా దాటించిన రోజుది. ఆ రోజు నీళ్ళు అంతవరకు వచ్చాయి. ఆమె భయపడింది, కానీ ఆపలేదు.

ఇక మిగిలింది వార్నిష్. మెరుపు లేని వార్నిష్ పలచగా ఒక పూత కొడితే ఆ పొడంతా కదలకుండా నిలుస్తుంది. అది ఆరేదాకా ఫ్యాను తిరగకూడదు, తలుపు తెరవకూడదు, దుమ్ము లేవకూడదు. భర్త తన కార్లకు వార్నిష్ కొట్టే రోజు ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంది. ఆయన గది తలుపు వేసుకుంటాడు, ఆమె కాఫీ గుమ్మం దగ్గర పెట్టి చప్పుడు చేయకుండా వెనక్కి వస్తుంది. ఆమె తలుపు వేసుకునేది స్నానానికే. అప్పుడు కూడా తువ్వాలెక్కడుందనో, గ్యాసు కట్టేశావా అనో బయట నుంచి ఎవరో ఒకరు తడతారు.

కప్పులు బోర్లించి, చేతులు తుడుచుకుని, వాషింగ్ మెషీన్ మీద కారు పెట్టిన పళ్ళెం కోసం వెళ్ళింది. పళ్ళెం ఖాళీగా ఉంది.

"ఇదిగో అమ్మాయ్," అంటూ అత్తగారు పెరటి వైపు నుంచి వచ్చారు. ఆవిడ ఒక చేతిలో సబ్బు నురగతో పాత టూత్‌బ్రష్, ఇంకో చేతిలో కారు. "ఎంత మురికి పట్టిందో చూశావా? పొద్దుట్నుంచీ నీకు ఊపిరాడ్డం లేదు కదా, ఇదైనా చేద్దామని కడిగేశాను. రేపు నలుగురిలో పెట్టేది."

కారు తడిగా మెరుస్తోంది. కొండదారి లేదు. సముద్రం లేదు. నది లేదు.

ఆడపడుచు వచ్చి తల్లి భుజం మీదుగా చూసింది. "బాగుంది మరదలా. అయినా ఒక్కటే సీటేంటి? మా తమ్ముణ్ణెక్కడ కూర్చోబెడతావు?"

"బామ్మర్దికి టాపు మీద బోలెడంత చోటుందిలే," అన్నాడు ఆవిడ భర్త హాల్లోంచి. అందరూ నవ్వారు. ఆమె భర్త కూడా నవ్వి, తడి ఆరితే కొంచెం పాలిష్ పెడతాను, నా వాటిలో కలిసిపోతుంది అన్నాడు.

కలిసిపోతుంది. ఆ ఒక్క మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆమె చేసినదంతా కలిసిపోతూనే ఉంది. ఆమె జీతం ఇంటి ఖర్చులో, ఆమె ఆదివారం అందరి ఆదివారంలో, ఆమె పెట్టిన మరక ఎవరి నోట్లోనో. కలిసిపోవడమే తన పనితనమని ఆమె కూడా నమ్మింది. ఈ కారు ఒక్కటే కలవలేదు. భర్త అద్దాల అల్మరాలో ఆ మెరిసే కార్ల పక్కన పెట్టి చూస్తే, ఎక్కడి నుంచో అలిసిపోయి వచ్చి ఇప్పుడే ఆగినట్టుండేది. అందుకే దానిమీద అంత ఇష్టం. అత్తగారి మొహం వైపు చూసింది. ఆవిడ మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నారు.

"అత్తయ్యా, అది మురికి కాదు," అంది మెల్లగా. "నేనే పెట్టాను."

"మురికి పెట్టావా?"

"ఇదిగో, తలుపు మీద ఇక్కడిదాకా ఒక గీత ఉండేది. అది నది దాటినప్పటిది."

అత్తగారు కారును కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. కిటికీలోంచి చిన్న దీపాన్ని, సీటు పక్కన మడిచిన దుప్పటిని చూశారు.

"అయితే నేను కడిగేసింది నదినన్నమాట," అన్నారు చివరికి. ఆవిడ గొంతులో నవ్వు లేదు.

ఆమె కారు అందుకుని వెలుతురులోకి తిప్పింది. ఉప్పుతో వచ్చిన పెచ్చులు అలాగే ఉన్నాయి. పోయింది సుద్దపొడే, అది మళ్ళీ చేసుకోవచ్చు. డ్రైవరు వైపు కిటికీ అంచున మాత్రం అత్తగారి బ్రష్ గట్టిగా తగిలి, ఆకుపచ్చ అరిగి, ఒక వంపులో తుప్పు కనబడుతోంది. ఎన్నో ఏళ్ళు ఒక మనిషి అక్కడే మోచెయ్యి ఆనించి బండి నడిపినట్టుంది. అచ్చం అలాంటి అరుగుదల కోసమే ఆమె కుంచెతో ఎన్నిసార్లో ప్రయత్నించి ఓడిపోయింది. వేలితో తడిమి చూసింది. దీన్ని ముట్టుకోను, ఇలాగే ఉంచుతాను అనుకుంది.

హాల్లోకి వెళ్ళి భర్త ఎదురుగా నిలబడింది. "ఈ మధ్యాహ్నమంతా నాకు నీ గది కావాలి. మట్టి మళ్ళీ పెట్టుకోవాలి, వార్నిష్ కొట్టాలి."

"ఇవాళా? ఇంట్లో ఇంతమంది ఉండగా తలుపేసుకుంటే ఏం బాగుంటుంది? పొద్దున్నే లేచి కొట్టుకో."

"ఆరదు. నీకు తెలుసు."

ఆయనకు తెలుసు. అందుకే ఇంకో దారి పట్టాడు. మరి భోజనాలో అన్నాడు. వంటయింది, వడ్డించుకోండి అంది ఆమె. సాయంత్రం కాఫీ మాటేమిటి అంది ఆడపడుచు, సగం ఎగతాళిగా, సగం నిజంగానే. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఇలాంటప్పుడు ఆమె ఎప్పుడూ, సరే పోన్లే, అంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అరిగిన కిటికీ అంచు బొటనవేలి కింద గరుకుగా తగిలింది.

"నాది ఒంటి సీటు కారు వదినా," అంది. "ఇవాళ్టికి మీరు బస్సులో రండి."

ఆడపడుచు భర్త పగలబడి నవ్వాడు. నవ్వాలో కోప్పడాలో తెలియక ఆడపడుచు తల్లి వైపు చూసింది. అత్తగారు అప్పటికే కుర్చీ ఈడ్చుకుంటూ ఆ గది వైపు వెళ్తున్నారు. లోపలికి తొంగిచూసి ఫ్యాను స్విచ్చి ఆపారు. కుర్చీని గుమ్మం పక్కన, బయట వేశారు.

"అమ్మా, నువ్వెందుకక్కడ?" అన్నాడు భర్త.

"కాఫీ నేను పెడతానురా. పెట్టాక మళ్ళీ వచ్చి ఇక్కడే కూర్చుంటాను. పిల్లలు పుట్టినప్పుడు తప్ప నేను ఏనాడూ తలుపేసుకుని ఎరగను. అప్పుడు కూడా ఎవరో ఒకరు తడుతూనే ఉన్నారు."

ఆమె కారును రెండు అరచేతుల్లో పట్టుకుని గదిలోకి వెళ్ళింది. సుద్దముక్కలు, కుంచె, వార్నిష్ బల్ల మీద సర్దుకుంది. అలవాటు కొద్దీ గుమ్మం వైపు తిరిగి, ఏమైనా కావాలంటే పిలవండి అనబోయింది.

"నది దాటేదాకా బయటికి రాకు," అని అత్తగారు బయట నుంచి తలుపు మూసేశారు.